మేనత్త పాట వాయించిన మాస్టారు

మా క్లారినెట్ మాస్టారు పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఒకప్పుడు కువైత్‌లో పనిచేసి వచ్చిన గోదావరి జిల్లాల వాళ్ళకి ఒక గ్రూపు ఉంది. పొద్దున్నే అందులో పూలదండ వేసిన ఫోటో, దాని కింద నాలుగు ముక్కలు. ప్రముఖ కళాకారుడు, యుద్ధకాలంలో సాటి తెలుగువారిని ఆదుకున్న ఆత్మబంధువు ఇక లేరని. పెట్టిన మనిషి ఎవరో చూశాక చేతిలో కాఫీ తాగబుద్ధి కాలేదు. ఆయన ఆ రోజుల్లో షువైఖ్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్. ఇప్పుడు ఆ గ్రూపు వాళ్ళ సంఘానికి పెద్ద. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ, ఆ సందేశంలో అబద్ధం ఒక్కటీ లేదు. అది రాసిన చెయ్యి ఎవరిదో తెలిసినందుకే నాకు ఒళ్ళు మండింది.

మాస్టారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. భజంత్రీల ఇంట పుట్టి, పెళ్ళిళ్ళ బ్యాండులో క్లారినెట్ వాయిస్తూ పెరిగారు. బ్యాండులో క్లారినెట్ పట్టినవాణ్ణి మా వైపు మాస్టారనే పిలుస్తారు. ముహూర్తాలున్న నెలల్లో తిండి, లేని నెలల్లో పస్తు. అది భరించలేక కువైత్ వచ్చి, సల్వా దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక హోటల్లో లాండ్రీ పనికి కుదిరారు. పెట్టెలో బట్టల మధ్య క్లారినెట్ కూడా పెట్టుకొచ్చారు. ఆ హోటల్లో సాయంత్రాలు గోవా వాళ్ళు కొందరు వాయించేవారు. వాళ్ళలో సాక్సఫోన్ అతను ఇంటికి వెళ్ళిపోతే, లాండ్రీలో ఎవడో వాయిస్తాడట అని మాస్టారిని పిలిచారు. తను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాల్లో ఒకటి తనే తొడుక్కుని వెళ్ళి నిలబడ్డానని చెప్పి నవ్వేవారు.

అక్కడ వాయించేవి పాత అమెరికా పాటలు. ఎప్పుడో తాతల కాలంలో నాటకాలకీ సినిమాలకీ కట్టినవి. తరవాత వచ్చిన గాయకులు వాటినే తలా ఒక తీరున మళ్ళీ పాడి ఆల్బములు చేశారు. జాజ్ వాళ్ళు సాగదీసి, విరిచి పాడితే, పాప్ వాళ్ళు వయొలిన్ల మధ్య మెత్తగా పాడారు. హోటల్‌కి వచ్చేవాళ్ళకి పాట వాయిస్తే చాలదు, ఫలానా ఆల్బంలో ఉన్నట్టే కావాలి. అందుకని మేనేజర్ తన క్యాసెట్లన్నీ తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. ఆయన దుప్పట్లు మడతపెడుతూ వాటిని వినేవారు. ఇంగ్లీషు ముక్క రాదు కనక పాటలకి సొంత పేర్లు పెట్టుకున్నారు. ఒకటి వాన పాట, ఒకటి రైలు పాట. ఒక అట్ట మీద చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చున్న లావుపాటి గాయని అచ్చం తన మేనత్తలా ఉందని, ఆవిడ పాడిన నెమ్మది పాటకి మేనత్త పాట అని పేరు. తరవాత అదే పాటని ఎంతమంది పాడినా, చివరికి మగవాళ్ళు పాడినా, ఆయనకి మేనత్త పాటే.

నేనప్పుడు షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్‌ని. శుక్రవారం ఆయన నా గదికొచ్చి చేపల పులుసు పెట్టేవారు. పులుసు ఉడుకుతున్నంతసేపూ టేప్ రికార్డర్‌లో ఒకే పాటని ముగ్గురు నలుగురి గొంతుల్లో వినిపించేవారు. మొదట్లో నాకు విసుగు. విన్నదే వినడం దేనికండీ అంటే, మీ అమ్మ పులుసూ మా ఆవిడ పులుసూ ఒకటేనా, చింతపండు ఒకటే కదా అనేవారు. ఒకావిడ మొగుడొదిలేసిన ఆడదానిలా పాడిందనీ, ఇంకొకడు అదే పాటని పెళ్ళికొడుకులా పాడాడనీ ఆయన చెబుతుంటే, మాటలు తెలియకపోయినా నాకూ తేడా వినపడటం మొదలైంది. నాకు వినడం అంటూ వచ్చిందంటే ఆయన పెట్టిన భిక్షే. స్టోర్‌కీపర్ కూడా శుక్రవారాలు మా గదికొచ్చేవాడు. క్యారేజీ మాత్రం తనది తను తెచ్చుకునేవాడు. మాస్టారి చేతి వంట ఎందుకు తినడో మాకందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మాస్టారు మాత్రం ప్రతి వారం ఆయనకీ ఒక కంచం కడిగి పెట్టేవారు.

1990 ఆగస్టులో కువైత్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడింది. బస్సులెక్కి బస్రా మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, ఇండియా విమానం ఎక్కినవాళ్ళు ఎక్కారు. మా కఫీళ్ళు, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమానులు, మా పాస్‌పోర్టులతో సహా సౌదీకి పారిపోవడంతో, ఈవేళో రేపో అంతా సర్దుకుంటుందనుకున్న కొందరం మిగిలిపోయాం. స్టోర్‌కీపర్ గోడౌన్‌లో అందరం ఒకచోట పడుకునేవాళ్ళం. దుకాణాలు దోచేశారు. బియ్యం అయిపోయాయి. రొట్టెల కోసం బారు కడితే, చివరిదాకా నిలబడ్డా దొరుకుతాయన్న నమ్మకం లేదు.

మాస్టారి హోటల్లో సైనికాధికారులు దిగారు. గోవా వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. పై అధికారి ఒకడు ఎక్కడో విదేశంలో చదువుకున్నవాడట, మేనేజర్ గదిలో క్యాసెట్లు చూసి, ఇవి వాయించేదెవరని అడిగాడట. అలా మాస్టారు రోజూ సాయంత్రం వాళ్ళ భోజనాల ముందు నిలబడవలసి వచ్చింది. అమెరికా విమానాలు ఎప్పుడొస్తాయోనని హడలిపోతూ అమెరికా పాటలే అడిగేవాడు ఆ అధికారి. అందులోనూ మేనత్త పాట ప్రతిరోజూ కావాలి. ఏం కావాలో కోరుకోమంటే మాస్టారు రొట్టెలు అడిగారు. మా ఊళ్ళలో బ్యాండు వాళ్ళకి పందిట్లో బియ్యం కొలిచి పంపుతారు. ఆ అలవాటే అక్కడా అడిగించింది.

రోజూ సాయంత్రం ఆ రొట్టెలు మోసుకురావడానికి స్టోర్‌కీపర్ వెళ్ళేవాడు. ఆయనకి అరబ్బీ బాగా వచ్చు, దారిలో చెక్‌పోస్టుల దగ్గర మాట్లాడగలడు. మాస్టారు వాయించడం పూర్తయ్యేదాకా వంటింటి గుమ్మంలో నిలబడి, సంచీలు భుజాన వేసుకుని వచ్చేవాడు. ఆ చలికాలం మేమంతా బతికింది ఆ రొట్టెల మీదే. ఆయన కూడా వాటిమీదే బతికాడు.

ఆయన ఎవరి ముందు వాయిస్తున్నారో నాకు మాత్రం మరుపుకి వచ్చేది కాదు. పగలు వీధిలో కువైతీ కుర్రాళ్ళని వాళ్ళ ఇళ్ళ ముందే కాల్చిన మనుషులు వాళ్ళు. ఒకరోజు ఉండబట్టలేక, వాళ్ళ ముందు మీకు వేళ్ళెలా ఆడుతున్నాయండీ అని అడిగేశాను. ఆయనకి కోపం రాలేదు.

"ఇల్లెవరిదని అడగంరా మా బ్యాండోళ్ళం. పెళ్ళికి పిలిత్తే పెళ్ళికి, చావుకి పిలిత్తే చావుకి. నేను వాయించకపోతే ఆళ్ళు చంపడం మానేత్తారా? వాయిత్తే మీకింత తిండొత్తాది," అన్నారు.

ఆ జవాబు నాకు అప్పుడు పూర్తిగా మింగుడు పడలేదు. ఇప్పటికీ పడలేదేమో. కానీ ఆయన్ని తప్పుపట్టే హక్కు రొట్టె తిన్న మాకు లేదని మాత్రం తెలుసు.

యుద్ధం ముగిసింది. ఇరాక్ వాళ్ళు పోయారు. పోతూ పోతూ వాళ్ళు తగలబెట్టిన చమురు బావుల పొగకి పట్టపగలే చీకటిగా ఉండేది. శత్రువుకి సాయపడిందెవరని ఇల్లిల్లూ అడగడం మొదలైంది. గోడౌన్‌కీ తుపాకులతో కొందరు కువైతీ కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళతో అరబ్బీలో మాట్లాడింది స్టోర్‌కీపరే. కాస్సేపటికి వాళ్ళు మాస్టారిని జీపెక్కించుకుని పోయారు. ఏం చెప్పారండీ అని నేను గట్టిగా నిలదీస్తే, ఆయన నా మొహంలోకి సూటిగా చూశాడు.

"అడిగేరు, చెప్పేను. ఉన్నదే చెప్పేను కదయ్యా. ఆళ్ళ ముందు రోజూ వాయించేడా లేదా? రేపు మనందరి ఇఖామాలూ పీకేసి, ఇక్కడ ఉండొద్దు పొమ్మంటే ఎవడు దిక్కు?"

రొట్టెల సంగతి చెప్పారా అని అడిగాను. అది వాళ్ళడగలేదట.

కొన్నాళ్ళకి మాస్టారు నడిచి వచ్చారు. మూతి వాచి ఉంది. పై వరస ముందు పళ్ళు లేవు. తుపాకీ మడమతో కొట్టారట. వాయించిన నోరు ఇదేనా అని అడిగి మరీ కొట్టారట. క్లారినెట్ వాయించాలంటే దాని మూతి ముందు పళ్ళ కింద నిలవాలి, అదీ ఆయన బతుకు. గోడౌన్‌లో ఒక మూల కూర్చుని, అన్నం కలిపి పెడితే మింగారు. "ఖలాస్‌రా," అన్నారు. స్టోర్‌కీపర్ తన దుప్పటి తెచ్చి ఆయన మీద కప్పాడు. మాస్టారు దాన్ని తీసెయ్యలేదు. నేనైతే తీసి విసిరికొట్టేవాణ్ణి.

ఆయన్ని దేశం నుంచి పంపేశారు. స్టోర్‌కీపర్‌కి ఉద్యోగం నిలిచింది, పెరిగింది కూడా. ఆ తరవాత చాలా ఏళ్ళు అక్కడే ఉండి, ఊళ్ళో మేడ కట్టాక వచ్చాడు.

మాస్టారు పళ్ళు కట్టించుకున్నారు గానీ అవి పట్టు ఇవ్వలేదు. పెదవి పక్కనుంచి గాలి పోయేది. ఒకటి రెండేళ్ళు ప్రయత్నించి క్లారినెట్ అటక ఎక్కించేశారు. నేను తిరిగొచ్చి అమలాపురంలో షెడ్డు పెట్టుకున్నాక తరచూ వెళ్ళేవాణ్ణి. అరుగు మీద కూర్చుని బ్యాండు కుర్రాళ్ళకి నోటితో పాడి నేర్పిస్తూ ఉండేవారు. మా అమ్మాయి ఫోన్‌లో వెతికి, ఆ పాత పాటల్ని ఈ కాలం వాళ్ళు పాడిన ఆల్బములు వినిపిస్తే ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకా పాడతన్నారేంట్రా! పాటంటే సత్రవేరా. దిగినోడు దిగినంతసేపే సొంతదారు," అన్నారు.

మీ పేరు చెప్పిందెవరో ఊళ్ళో అందరికీ చెబుతాను అని నేను చాలాసార్లు అన్నాను. ఒద్దనేవారు. ఆడూ బతకాల కదరా అనేవారు. ఆయన క్షమించారని నేను అనుకోను. ఎప్పుడైనా సంఘం సభకి పిలుపొస్తే మొహం గోడవైపు తిప్పుకునేవారు. ఊరు మాత్రం, కువైత్‌లో ఏదో తప్పుడు పని చేసి పళ్ళూడగొట్టించుకొచ్చాడనే చెప్పుకుంది. ఆ మాట ఆయన చెవిని పడుతూనే ఉంది, చివరిదాకా. ఆయన బతికుండగా ఎవరూ ఒక్క సభలో లేచి నిజం చెప్పలేదు. పోయాక వాట్సాప్‌లో చెప్పారు.

మా వైపు వయసు మళ్ళి పోయినవాళ్ళని బ్యాండుతో సాగనంపుతారు. ఆయన శిష్యులు డబ్బులు ముట్టం అని చెప్పి, తెల్లచొక్కాలు తొడుక్కుని వచ్చారు. స్టోర్‌కీపర్ కారులో వచ్చాడు. పెద్ద దండ వేసి, ఫోటో తీయించుకుని, చెప్పులు విడిచి నా పక్కనే నడిచాడు. ఆయనకీ వయసు మీద పడింది. కాలవ గట్టు ఎక్కాక శిష్యులు మేనత్త పాట ఎత్తుకున్నారు. క్లారినెట్ కుర్రాడు దాన్ని మాస్టారిలాగే, ప్రతి చరణం చివరా కొంచెం వెనక్కి లాగి వాయించాడు. స్టోర్‌కీపర్ తొడ మీద వేళ్ళతో తాళం వేస్తూ విన్నాడు. కొంత దూరం పోయాక నా వైపు వంగాడు.

"ఏ సినిమాలోదయ్యా ఇది? శానా బాగుంది."

"సినిమాది కాదండి. కువైత్‌లో ఆ హోటల్ వంటింటి గుమ్మంలో నిలబడి మీరు రోజూ విన్నదే."

ఆయన నొసలు చిట్లించి నిజంగానే ఆలోచించాడు.

"ఏమోనయ్యా, గుర్తు లేదు," అన్నాడు.

తొడ మీద వేళ్ళు మాత్రం తాళం వేస్తూనే ఉన్నాయి.