మూడున్నర గంటల దూరం

సుబేదారిలో చెరుకు రసం బండి దగ్గర ఐసుగడ్డకు అంటుకున్న తడి ఊక వాసన ముక్కుకు తగిలితే చాలు, రసం తాగకుండానే వెనక్కి తిరుగుతాను. అది మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, చివరి రోజు వాసన.

ఖిలా వరంగల్‌లో ఎండాకాలమంతా మా వాకిట్లో మిరపకాయలే. చాపల నిండా ఎర్రగా పరిచిన ఆ కాయలకు తొడిమలు తీస్తూ, తుమ్ముతూ, చింతగింజల ఆటలో తొండి చేస్తున్నానని నన్ను తిడుతూ, అంతలోనే కొంగుముడి విప్పి నా నోట్లో పుట్నాలు పోస్తూ, బాపమ్మ రోజూ ఒకటే అడిగేది: దుబాయ్‌లో ఉన్న తన కొడుకు ఎంత దూరంలో ఉన్నాడని. ఐదో తరగతి చదివే నేను ఆ ఇంట్లో మహా పండితురాలిని మరి! అట్లాసు మీద దారం పెట్టి కొలిచి, రెండున్నర వేల కిలోమీటర్లు, విమానంలో మూడున్నర గంటలు అని చెప్పాను.

"గంతేనానే? నెక్కొండకు పోయొచ్చినంత సేపు! ఇగ నాకేం ఫికర్ లేదు. నేను పోయిన్నాడు నా కొడుకు నా మొకం సూస్తడు, మన్నేస్తడు."

ఆ వేసవిలోనే పోయింది. నాన్నకు సెలవు దొరికేసరికి ఒక పగలు గడిచింది. తెల్లవారి ఐదింటికి విమానం ఎక్కుతున్నానని చెప్పగానే ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయి లైన్ కట్టయింది. అందరూ నా వైపు చూశారు. ఐదుకు మూడున్నర కలిపితే ఎనిమిదిన్నర, హైదరాబాద్ నుంచి కారులో నాలుగు గంటలు, పన్నెండున్నరకు ఇంట్లో ఉంటాడన్నాను. చదువుకున్నదాని మాటకు తిరుగేముంది, అప్పటిదాకా మట్టి చేయకుండా ఆగుదామంటే పాస్టరయ్య కూడా సరేనన్నాడు.

పన్నెండున్నర దాటింది. ఒంటిగంట దాటింది. బాపమ్మ చుట్టూ పేర్చిన ఐసుగడ్డలు కరిగి ఊకతో సహా వాకిట్లోకి పారాయి. ఈగలు ముసిరాయి. మిరప ఘాటును మించిన వాసన మొదలైంది.

"తమ్మునికి విమానం తప్పినట్టున్నది. ఇగ ఆగొద్దు," అన్నాడు పెదనాన్న. పెట్టెకు మేకులు కొట్టారు.

నాన్న రెండింటికి వచ్చాడు. బొందలగడ్డలో, అప్పుడే పూడ్చిన సమాధి తడి మన్ను మీద పడి "అవ్వా" అంటూ చేతులతో తోడబోతే ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు.

ఏడో తరగతిలో టీచర్ రేఖాంశాలు చెబుతూ, దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుందన్న రోజు ఆ లెక్క మళ్లీ వేశాను. నాన్న చెప్పిన ఐదు అక్కడి ఐదు, మనకు ఆరున్నర. నా మీద నాకే అసహ్యం వేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా వాకిలి లేదు, కోట చూడవచ్చినవాళ్ల కార్లు ఆగుతున్నాయక్కడ. చాపలు లేవు, చింతగింజలు లేవు, పెదనాన్న, పాస్టరయ్య ఎవరూ లేరు. దుబాయ్ మానేసిన నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న ఈస్టర్‌కు ముందు బాపమ్మ సమాధికి ఇద్దరం సున్నం వేస్తుంటే ఇక ఆపుకోలేక, ఏడుస్తూ నా తప్పంతా చెప్పేశాను.

"నీ లెక్కల తప్పేం లేదు బిడ్డా. విమానమే లేటయింది."

"ఎంత లేటు నాయినా?"

ఆయన నా వైపు చూడకుండా కుంచెను సున్నంలో ముంచాడు.

"గంటన్నర."