బేగం వీపు మీద చుక్కలు

పిల్లలూ, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. నమ్మాలన్నా మీ తాతతో కాపురంలో కుదిరేది కాదు. ఆయన కాలేజీలో జంతుశాస్త్రం ప్రొఫెసర్. మీద బల్లి పడితే తలస్నానం చేయాలని మా అమ్మ అంటే, "అత్తమ్మా, బల్లిని గూడ అడుగుండ్రి, దానికేం దోషమైందో" అనేవారు.

డెబ్బైలలో హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. సున్నం గోడలు, ఎత్తు కప్పు, ఇంటి నిండా బల్లులు. ఇంకొకరైతే చీపురు పట్టుకునేవాళ్లు. ఈయన సంబరపడ్డారు. ఎండాకాలం వేడిని బల్లి ఒళ్లు ఎట్లా తట్టుకుంటుంది, ఏ గోడ ఏ బల్లిది, ఏది దేన్ని దీపం దగ్గరికి రానివ్వదు, ఇదే ఆయన పరిశోధన. పగలు కాలేజీలో పాఠాలు, సాయంత్రం మా ఇంటి గోడలు.

ఏ బల్లి ఏదో తెలియడానికి వాటి వీపుల మీద చుక్కలు పెట్టేవారు. చార్మినార్ దగ్గర నాకని కొన్న ఎర్ర గోళ్లరంగుతో.

"నీకు దెస్తే ఒక్కనాడన్న వెట్టుకోకపోతివి" అనేవారు.

"మీ బేగంకే వెట్టుండ్రి. ఆమెకే మంచిగుంటది" అనేదాన్ని.

బేగం అంటే గోడగడియారం వెనక ఉండే బల్లి. మెడ మీద రెండు చుక్కలు, తోక మొదట్లో ఒకటి. బల్లి కొన్ని వారాలకోసారి కుబుసం విడుస్తుంది. దాంతో రంగూ పోతుంది. మళ్లీ పట్టుకుని పెట్టాలి. మెత్తటి గుడ్డతో నేను పట్టేదాన్ని, ఆయన చుక్క పెట్టేవారు.

ఒక ఎండాకాలం గుండెపోటుతో ఆయన పోయారు. మీ నాన్న అప్పటికి ఇంకా పాకుతున్నాడు.

వానలు పడేసరికి ఒక్కో బల్లి వీపు ఖాళీ అయింది. చివరికి బేగం చుక్కలు కూడా పోయాయి. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆయన చేత్తో పెట్టిన గుర్తుల్లో కదిలేది అప్పటిదాకా అదొక్కటే మిగిలింది మరి.

దసరా దాటాక కార్వాన్ నుంచి మా అన్న రిక్షా తీసుకుని వచ్చాడు. "చెల్లె, గీ బల్లుల కొంపల ఒక్కదానివి ఏం జేస్తవ్? మా ఇంట్ల నీకేం ఫికర్ లేదు" అన్నాడు.

సామాను కట్టి, ఆఖరుకు గడియారం దించాను. మధ్యాహ్నం ఎండ నేరుగా గోడ మీద పడుతోంది. బేగం బయటికి వచ్చింది. మెడ మీద రెండు, తోక మొదట్లో ఒకటి. ఎర్రగా, తడిగా మెరుస్తున్నాయి. గడియారం వెనక చెక్కకు కొంచెం రంగు పూసుకుంది. ముట్టుకుంటే నా వేలికి అంటింది. అదే ఘాటు వాసన.

అన్న కూడా చూశాడు. "ఎవరో పూసిండ్రు, తియ్యి" అన్నాడు.

ఎవరు? తాళంచెవి నా కొంగుకే ఉండేది. మా గోళ్లరంగు సీసా తీసి ఇచ్చాను. ఎప్పుడో ఎండిపోయింది, మూత బిగుసుకుపోయింది. అన్న ఎంత తిప్పినా రాలేదు. అయినా ఆ పనికి ఇద్దరు కావాలి. గుడ్డ పట్టింది నేనైతే కాదు.

గడియారం మళ్లీ మేకుకు తగిలించాను.

"అన్నా, నువ్వు పో. ఇది కుబుసం ఇడిచేదాక నేనీడనే ఉంట."

ఉన్నాను. కొన్ని వారాలకు చుక్కలు పోయాయి. ఆ తర్వాత చాలా సాయంత్రాలు చేతిలో గుడ్డ పట్టుకుని ఆ గోడ కిందే కూర్చున్నాను. చుక్కలు మళ్లీ రాలేదు. అప్పుడు కార్వాన్ వెళ్లిపోయాను.

ఆ చుక్కలు ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు. మీ ఇంట్లో బల్లి కనబడితే చీపురు తీయకండి. ముందు దాని వీపు చూడండి.