తొంభై తొమ్మిదిటిని ఎవరికి అప్పజెప్పాడు?

గొర్ల తాత పోయాడని పొద్దున పాలు పోసే ఆమె చెప్పింది. వర్ధన్నపేట దగ్గరి మా ఊళ్లో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. నేను ఆ ఊరి చర్చి పాస్టర్‌ను, అంటే సంఘ కాపరిని. ఆయన ఏనాడూ మా చర్చి గడప తొక్కలేదు. అయినా నాకు కాపరి పని నేర్పింది ఆయనే.

ఊరికి వచ్చిన కొత్తలో తప్పిపోయిన గొర్రె గురించి ప్రసంగించాను. వందలో ఒకటి తప్పిపోతే కాపరి మిగతావాటిని విడిచి దాన్ని వెతకబోయిన కథ. మా మైకు ఊరి బయటి చెలకల దాకా వినిపిస్తుంది. మర్నాడు చాయ్ హోటల్ దగ్గర తాత నన్ను పట్టుకున్నాడు.

"పాస్టరయ్యా, మంచిగనే చెప్పినవ్ గని, ఆ తొంభై తొమ్మిదిటిని ఎవలకు అప్పజెప్పి పోయిండు?"

ఏళ్ల తరబడి బైబిలు చదువుకున్న నేను, "అది బైబిల్లో రాయలేదు తాతా" అన్నాను. హోటలంతా నవ్వింది. చివరికి తాతే నన్ను గట్టెక్కించాడు. "తోడు కాపరి ఉండే ఉంటడు తియ్. ఒక్కనితోని మంద ఆగదు."

తర్వాత కొన్నాళ్లకు చర్చి మీద పెద్ద హాలు కట్టించి, ఆరాధన పైకి మార్చాను. అదంటే నాకు మహా గొప్ప. ప్రతివారం ముందు వరుసలో కూర్చుని, రాగం తప్పినా అందరికన్నా గట్టిగా పాడే ఒక ముసలమ్మ రావడం మానేసింది. "కొందరికి దేవుడికంటే ఇల్లే ఎక్కువైంది" అని ఆదివారం మైకులో అనేశాను.

సోమవారం తాత మంద వెనకాల నడుస్తూ ఎదురయ్యాడు.

"నిన్న ఎవల మీదనో బాగ కోపంజేస్తివి?"

సంగతి చెప్పాను. ఆయన కుంటుతున్న ఒక గొర్రెను ఒడిసిపట్టి, గిట్ట ఎత్తి, తుమ్మముల్లు లాగి పారేశాడు.

"ఎనుకవడ్డదాన్ని తిట్టరయ్యా, ముందుగాల కాలు సూస్తరు. ఆమె ఇంటికి పోయినవా?"

"లేదు తాతా."

"మరి ఏం కాపరివి!" అని నవ్వాడు.

ఆ సాయంత్రమే వెళ్లాను. ముసలమ్మ మోకాలు వాచి కుండలా ఉంది.

"మెట్లు ఎక్కరాక గోడకింద కూసొని ఇంటున్న బిడ్డా. నిన్న నువ్వు తిట్టింది గూడ ఇన్న," అని బోసినోటితో నవ్వింది. ఆమె రెండు చేతులూ పట్టుకొని క్షమించమన్నాను. "ఊకో, చాయ్ తాగు" అంది.

మరుసటి ఆదివారం చాపలు, డోలు, మైకు అన్నీ కిందికి దించాం. మొదటి పాట ఆమెదే. తాత తీర్పు మర్నాడు వచ్చింది: "జర మెల్లగ పాడుమను. మా గొర్లు బెదురుతున్నయ్."

ఆయన దినాలయిన మర్నాడు హనుమకొండ వెళ్దామని బస్సెక్కాను. ఊరి చివర బస్సు ఆగింది. రోడ్డు నిండా గొర్రెలు. భుజాన గొంగడితో తాత భార్య నడిరోడ్డు మీద నిలబడి, బస్సుకు చెయ్యి అడ్డం పెట్టింది. డ్రైవర్ హారన్ కొట్టలేదు, ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గిట్టల చప్పుడొక్కటే. అన్నీ దాటాక, ఒక చిన్న గొర్రెపిల్ల మాత్రం రోడ్డు మధ్య ఆగి బస్సును వింతగా చూస్తోంది. ఆమె చెయ్యి దించకుండా, అది కదిలేదాకా అలాగే నిలబడింది.