ఎర్రావు వీపు మీద చేప చర్మం

మా ఊరు మందసకీ సముద్రానికీ మధ్యన ఉంటుంది. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే పనికి వెళ్తాను. సాయంత్రం బస్సు దిగి నడిచి వస్తుంటే ముందు పక్కింటివాళ్ళ గడప, ఆ తర్వాత మా ఇల్లు. ఆ రోజు వాళ్ళ గదిలో టీవీ ముందు అమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి, సీరియల్ అయిపోగానే వస్తాను, వంట అయిపోయింది, వెళ్ళి కాళ్ళు కడుక్కోమంది. నేను నాలుగడుగులు వేశానో లేదో మా పెరటి వైపు నుంచి ఎండు కమ్మలు పేలుతున్న చప్పుడు వినిపించింది.

వానాకాలంలో మా పశువుల సాలలో దోమలు ముసురుకుంటాయి. అమ్మ రోజూ పొద్దు వాలగానే పగిలిన కుండలో కొబ్బరి పీచు, వేపాకు వేసి పొగ పెడుతుంది. నిప్పు ఆరేదాకా అక్కడే కూర్చుని ఏదో ఒక పని చేసుకుంటుంది. ఆ రోజు పొగ పెట్టేసి, సీరియల్ కోసం పక్కింటికి వెళ్ళిపోయింది. వానజల్లు కొట్టకుండా సాలకి మూడు వైపులా టార్పాలిన్ కట్టి ఉంది. లోపల పొగ ఎంతసేపటి నుంచి నిండిందో, నిప్పు పైకప్పు కమ్మలకి ఎప్పుడు అంటుకుందో చూసినవాళ్ళు లేరు.

నా అరుపు విని పరుగెత్తుకొచ్చిన పక్కింటాయన కొడవలితో మా ఆవు తాడు కోశాడు. ఎర్రావు బయటికి వచ్చి మోకాళ్ళ మీద పడింది. కరిగిన టార్పాలిన్ దాని వీపు మీద కారి అతుక్కుపోయింది. పొదుగు కూడా ఒక పక్క కాలింది. దూడని ఆ రోజు కొబ్బరి చెట్టుకి కట్టేశాం కాబట్టి దానికేమీ కాలేదు. విప్పగానే అది తల్లి దగ్గరికి వెళ్ళి పొదుగులో మూతి పెడితే, ఎప్పుడూ కాలెత్తని ఆవు దాన్ని తన్నింది. అమ్మ దూడని పక్కకి లాగింది.

నాన్న తోట నుంచి పరుగెత్తుకొచ్చేసరికి మంట ఆరిపోయింది. ఎలా జరిగిందని అడిగాడు. తను వంటింట్లో ఉందనీ, గాలికి నిప్పురవ్వ ఎగిరిందనీ, చూడగానే తాడు కోయించిందనీ అమ్మ చెప్పింది. చెబుతూ నా వైపు చూడలేదు. పక్కింటివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. భార్యాభర్తల మధ్య గొడవ ఎందుకులే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పశువుల డాక్టరు వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు, వేరే జిల్లా మనిషి. సెలైన్ పెట్టి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, కాలిన చోట తెల్లటి మందు రాశాడు. చర్మం బాగా లోతుగా కాలిందనీ, ఇంత మేర పుండయితే చీము పట్టకుండా కాపాడడం కష్టమనీ చెప్పాడు. రోజూ మందు రాయాలి, రాసిన ప్రతిసారీ దానికి నరకం. నాన్న ఇక ఆశ లేదా అని అడిగాడు. డాక్టరు, ఒక మార్గం ఉంది గానీ నేనెప్పుడూ చెయ్యలేదన్నాడు.

అది చేప చర్మం కప్పడం. బ్రెజిల్ దేశంలో డాక్టర్లు కాలిన మనుషులకి తిలాపియా చేప చర్మం అంటించి చూశారట. తర్వాత అమెరికాలో అడవి మంటల్లో పాదాలు కాలిన ఎలుగుబంట్లకి పశువైద్యులు అదే వాడారట. అది పుండుని గాలికి ఎండిపోకుండా కప్పి ఉంచుతుంది, నొప్పి తగ్గిస్తుంది, రోజూ విప్పి కట్టక్కర్లేదు. కాలేజీలో తనకి చదువు చెప్పినవాళ్ళతో ఫోన్లో మాట్లాడి, ఎలా శుభ్రం చెయ్యాలో తెలుసుకుంటానన్నాడు. పని చేస్తుందని మాట ఇవ్వలేనని కూడా చెప్పాడు.

నాన్న ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం డాక్టరు వెళ్ళాక గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టి దండం పెట్టుకునే ఆవుకి చేప తోలు కప్పడమేమిటని బాధ. చేసిన పాపం చాలదన్నట్టు ఇంకో పాపం నెత్తికెత్తుకోవాలా అంది. ఆ మొదటి పాపం ఏమిటో నాకు తెలుసు. నాన్న మాత్రం, నిప్పురవ్వ ఎగిరితే నీ తప్పేముందని ఆమెని ఓదార్చాడు. ఆ ఓదార్పు విన్నాక అమ్మ అన్నం మానేసింది.

తిలాపియా సముద్రపు చేప కాదు. మాకు రోజూ చేపలు తెచ్చే ఆమెది తీరం మీది ఊరు. ఆమెని అడిగితే నవ్వి, అవి చెరువు చేపలు, మా ఇళ్ళలో ఎవరూ ముట్టరని చెప్పింది. విషయం విన్నాక నవ్వు ఆపేసింది. మర్నాడు ఎవరి చెరువు నుంచో పట్టించి, బకెట్లో బతికున్నవాటిని తెచ్చింది. డాక్టరు చెప్పినట్టు చర్మం చిరక్కుండా ఒలిచి ఇచ్చింది కూడా ఆమే. గోడ వైపు తిరిగి నిలబడ్డ అమ్మ దగ్గరికి వెళ్ళి, సొంత అక్కని పిలిచినట్టు, "అప్పా, సేప నాకూ దేవుడే. మరి దాన్నమ్ముకునే కదా బతుకుతన్నాను" అని, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

డాక్టరు ఆ చర్మాలని తీసుకెళ్ళి, మందునీళ్ళలో మళ్ళీ మళ్ళీ కడిగి, ఫ్రిజ్‌లో ఉంచి సిద్ధం చేశాడు. కావలసిన మందులు టెక్కలి నుంచి తెప్పించాడు. కట్టు కట్టే రోజు పొద్దున సామానంతా సాల బయట ఒక బల్ల మీద పరిచాడు. ఆవు కదలకుండా ఉండడానికి మత్తు ఇవ్వాలని సిరంజిలోకి మందు ఎక్కించాడు. అప్పటికి ఆవు అప్పుడప్పుడూ దగ్గుతోంది. డాక్టరు దాని పక్కటెముకల మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"అమ్మా, ఇంకోసారి అడుగుతున్నాను. ఇది పొగలో ఎంతసేపు ఉంది? చెప్పినట్టు కొద్దిసేపే అయితే ఫర్వాలేదు. ఎక్కువసేపు పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిని ఉంటే, ఈ మత్తుకి ఊపిరి ఆగిపోవచ్చు" అన్నాడు.

నాన్న ముక్కుతాడు పట్టుకుని ఉన్నాడు. కొద్దిసేపే సార్, చూడగానే తాడు కోయించింది అని అమ్మ తరఫున తనే జవాబు చెప్పాడు. డాక్టరు ఆవు మెడ దగ్గర చోటు వెతుకుతున్నాడు. నా నోటిదాకా మాట వచ్చింది. అంతలో అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగండి బాబూ. ఆ సూది ఎయ్యకండి. నాను అబద్ధం సెప్పినాను. నాను వంటింట్లో లేను, పక్కింట్లో సీరియల్ సూత్తా కూకున్నాను. పొగెట్టీసి, ఒగ్గీసి ఎల్లిపోనాను. అగ్గి ఎప్పుడు రేగినాదో నాకు తెల్దు. సానాసేపు పొగలోనే ఉండుంటాది."

డాక్టరు సిరంజి పక్కన పెట్టేసి, మంచి పని చేశారమ్మా అని మాత్రం అన్నాడు. నాన్న ముక్కుతాడు వదలకుండానే అమ్మని అడిగాడు.

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"బయమేసి కాదు. సిగ్గేసి."

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. నాకూ తెలుసని ఆయనకి అర్థమైంది. ఆ చూపు అమ్మకి తగలాల్సినదాని కంటే నాకే ఎక్కువ తగిలింది. అమ్మ అబద్ధానికి సిగ్గయినా కారణంగా ఉంది. నేను ఊరుకున్నందుకు నా దగ్గర చెప్పుకోదగ్గ కారణమేదీ లేదు. అమ్మ ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే మా అందరి కళ్ళెదుటే ఆ ఆవు పడిపోయేది.

ఆ రోజు కట్టు కట్టలేదు. ముందు ఊపిరితిత్తులకి వైద్యం మొదలుపెట్టి, దగ్గు తగ్గుముఖం పట్టాక డాక్టరు మళ్ళీ వచ్చాడు. ఈసారి మత్తు లేదు. కాలిన చోటు చుట్టూ తిమ్మిరి మందు ఇచ్చి, ఆవు నిలబడి ఉండగానే పని చేశాడు. అంటించాల్సిన ముక్కలు ఒక్కొక్కటీ అందించడానికి ఎవరైనా చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మంటే అమ్మ వెళ్ళింది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుంది. బూడిద రంగు చర్మం ఎర్రటి మాంసం మీద అతుక్కుంటుంటే ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. క్షమించమని అడుగుతోందో, దేవుణ్ణి తలుచుకుంటోందో నేను అడగలేదు.

వారం తిరిగేసరికి ఆవు మేత ముట్టడం మొదలుపెట్టింది. వీపు మీదికి ఈగలు రాకుండా నాన్న దోమతెర కట్టాడు. ఎండి రాలిన చర్మం స్థానంలో డాక్టరు ఇంకోసారి కొత్తది వేశాడు. అంచుల నుంచి గులాబీరంగు చర్మం మెల్లగా లోపలికి పాకింది. పొదుగులో రెండు చన్నులు మాత్రం మూసుకుపోయాయి. దూడకి అమ్మే సీసాతో పాలు పట్టి పెంచింది. పక్కింట్లో టీవీ చప్పుడు వినిపిస్తే లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోయేది. వాళ్ళు పిలిచినా ఆ గడప తొక్కలేదు.

వైద్యం ఫలించిందని డాక్టరుకి సంతోషం. తోటి డాక్టర్లకి చూపించడానికి ఫొటోలు తీసుకుంటూ, అమ్మని కూడా ఆవు పక్కన నిలబడమన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "దాన్ని తియ్యండి బాబూ. పక్కన నాను ఏటని నిలబడాల" అంది. నాన్నే వెళ్ళి నిలబడ్డాడు. ఆ ఫొటోలో ఆయన మొహం మీద కూడా నవ్వు లేదు.

తగ్గిన పాలు చూసి ఆవుని అమ్మేద్దామా అని నాన్న ఒకసారి అన్నాడు. అమ్మ లేచి వెళ్ళి ఆవుకి కుడితి పెట్టింది. ఆయన మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు. ఆయన ఆ రోజు సంగతి ఇప్పటికీ ఎత్తడు. నాతో మాత్రం చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. అది నాకు న్యాయంగానే తోచింది.

ఈ మధ్యే ఎర్రావు మళ్ళీ చూలు కట్టింది. డాక్టరు వచ్చి పరీక్ష చేసి ఆ మాట చెబితే అమ్మ సంతోషించే లోపలే భయపడింది. పొదుగు నిండి సాగేటప్పుడు కాలిన చోట దానికి నొప్పి పెడుతుందా అని అడిగింది. అతను దాచకుండా, తెలియదమ్మా అన్నాడు. కాలిన పొదుగుతో ఆవు మళ్ళీ ఈనడం గురించి తనెక్కడా చదవలేదట. తెలిసినవాళ్ళని అడిగి చెబుతానన్నాడు. అప్పటి నుంచి అమ్మ పొద్దున్నే నేను బస్సుకి బయల్దేరే వేళకి గోరువెచ్చటి కొబ్బరినూనె తీసుకుని సాలలో పీట వేసుకుంటుంది. ఆవు చర్మం కాస్త వణికినా చెయ్యి తీసేసి, అది కుదుటపడేదాకా ఆగి, మళ్ళీ రాస్తుంది.