యాదమ్మ పుస్తె, పెద్దమనిషి నిధి

ఆదివారం. పొద్దున ముసురు, తర్వాత ఎండ. బియ్యం ఏరి డబ్బాలో పోసి, సరదాకు కొనుక్కున్న నా మెటల్ డిటెక్టర్ పట్టుకుని యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్లాను. తార్నాకలో మా వీధి మొదట్లో ఇడ్లీ బండి పెట్టే యాదమ్మ పుస్తె, నిన్న తాడు తెగి క్యాంపస్ మైదానంలో పడిపోయింది. ఆమే నాతో వచ్చింది; నేను వెతికే ముందు నేల మీద పసుపు చల్లి, నిమ్మకాయ పెట్టి మొక్కుకుంది.

డిటెక్టర్ కూత పెట్టిన చోట తవ్వబోతుంటే, వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దమనిషి అడ్డం నిలబడ్డాడు.

“ఏందయ్యా, నిధి తవ్వుతున్నరా?”

“నిధి లేదు గిధి లేదు సార్, నా పుస్తె పోయింది” అంది యాదమ్మ.

“పుస్తెకు నిమ్మకాయ ఎందుకు? నడువుండ్రి, లేకుంటే సెక్యూరిటీని పిలుస్త.”

ఇంకో నలుగురు వాకర్లు పోగయ్యారు. నాకు వాదించడం చేతకాదు. కదిలాం. గేటు దగ్గర వెనక్కి చూస్తే మిగతావాళ్లు లేరు. ఆయనొక్కడే గొంతుక్కూర్చుని, కారు తాళంచెవితో అదే చోట మట్టి గెలుకుతున్నాడు. యాదమ్మ పరుగెత్తింది.

“దొరికిందా సార్ నిధి? గీ కొంగుల ఎయ్యి.”

మట్టి పట్టిన పుస్తెను ఆయన కొంగులో వేశాడు. సారీ కూడా చెప్పలేదు. పైగా నాతో “గుంట పూడ్చి పో” అన్నాడు.

పూడ్చాను. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది. మీరైతే పూడ్చేవారా?