నా నోట్లో ఇరుక్కున్న తనకల్లు మేడమ్ పళ్ళ తొడుగు

ఆ రోజుల్లో మా కదిరిలో సరుకు బాగుందని ఎవరు ఒట్టేసి చెప్పినా, నోట్లో వేసుకుని కొరికి చూస్తేగానీ మేం నమ్మేవాళ్ళం కాదు. నేను వేరుశనగ మండీలో గుమాస్తాను. గింజ కొరికితే చాలు, తేమ ఎంతో, ఏ ఊరి చేనుదో, ఆ చేను మీద ఎన్ని చినుకులు పడ్డాయో కూడా చెప్పేసేవాణ్ణి (చినుకుల లెక్కేం కష్టం కాదు, మా వైపు పడేవే నాలుగు). రెండువేల సంవత్సరం దాటి ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో అయింది. వరసగా వానలు ఎగ్గొట్టి మండీ మూతపడింది. పళ్ళ డాక్టరు దగ్గర చేరాను. ఉద్యోగం మారింది గానీ నా నోరు మారలేదు.

డాక్టరన్న రోగుల పళ్ళ అచ్చులు సున్నపుముద్దతో తీసి బస్సులో బెంగళూరుకు పంపేవాడు. అక్కడేదో కొత్త యంత్రం వచ్చిందట. అచ్చు కొలతలు కంప్యూటర్లోకి ఎక్కిస్తే, దోసె మీద దోసె పోసినట్టు పొర మీద పొర వేసి, అచ్చం మన దవడనే లేపుతుందట. దాని మీద పల్చటి ప్లాస్టిక్కు వేడిచేసి అదిమితే పళ్ళకు తొడుగు తయారు.

“కంప్యూటర్లోంచి దవడ వస్తాదా అన్నా?” నేను నోరెళ్ళబెట్టాను.

“వస్తాదప్పా. నువ్వు నోరు మూసుకో, ఈగలు పోతాయి.”

మొదటి పార్శిల్ తనకల్లు మేడమ్‌ది. ఆ ఊరి జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. ఎత్తు పళ్ళని, పాఠం మధ్యలో కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. రెండేళ్ళు తీగలు కట్టించుకుని, మొన్ననే తీయించుకుంది. వెంటనే తొడుగు వేసుకోకపోతే పళ్ళు మళ్ళీ పాత దారి పడతాయి. పార్శిల్ వచ్చే రోజుకు మర్నాడే ఆమె ట్రైనింగుకు బెంగళూరు వెళ్ళాలి, నెల రోజులు రాదు.

“పార్శిల్ వస్తే సరిగా ఉండాదో లేదో చూసి పెట్టు,” అని డాక్టరన్న భోజనానికి వెళ్ళాడు.

విప్పి చూశాను. మేడమ్ దవడే! ముందు పంటి మీది చిన్న పెచ్చుతో సహా. పక్కనే గాజులాంటి తొడుగు. మండీవాడికి చూడడమంటే ఒకటే పద్ధతి. శుభ్రంగా కడిగి (శుచి మా ఇంటా వంటా ఉంది), నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికాను.

టక్కుమంది. ఇక రాలేదు. తనకల్లు వైపు ఒకటి, నల్లమాడ వైపు ఒకటి చూసే నా వంకర పళ్ళు దాన్ని పట్టేశాయి. రెండు చేతులా లాగితే కళ్ళు అంగుళం కిందికి దిగాయి (కొలిచాను). అంతలో బయట ఆటో ఆగింది.

“ఏమప్పా, నా తొడుగు వచ్చిందా?” మేడమ్!

“ఊఁ.”

“యాడుండాది?”

దవడ చూపించాను.

“ఇది కాదప్పా, తొడుగు యాడ? రెండేళ్ళు తీగలు మోసినాను. మళ్ళా ఎత్తు పళ్ళతో తిరగాల్నా నేను?”

అబద్ధమాడాలన్నా నోరుండాలి కదా. నా జన్మలో మొదటిసారి మరో దారి లేక నిజం చెప్పాను: నోరు తెరిచి చూపించాను. ఆమె కొయ్యబారిపోయింది. అప్పుడే లోపలికి వచ్చిన డాక్టరన్న కూడా.

“ఏం చేసినావురా?”

“హూహినా హన్నా.”

“చూడమంటే కొరుకుతావా? అదేమన్నా శెనక్కాయనా!”

మేడమ్ పకపకా నవ్వేసింది. చెయ్యి నోటి దగ్గరికి పోలేదు, కొంగూ పోలేదు. పళ్ళన్నీ కనబడేలా, కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వింది. డాక్టరన్న నన్ను తిట్టడం మరిచి ఆ నవ్వే చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత తొడుగును ముక్కలు చేసి నా నోట్లోంచి తీశాడు. బెంగళూరుకు ఫోన్ చేస్తే, కొలతలు కంప్యూటర్లోనే ఉన్నాయి, రేపు ఆమె వచ్చేసరికి ఇంకోటి చేసి ఉంచుతామన్నారు. మనిషి కదిరిలో, నోరు బెంగళూరులో! ఆ విడ్డూరం నుంచి తేరుకోకముందే డాక్టరన్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నా అచ్చు కూడా తీశాడు. వారానికి నా దవడ వచ్చింది. “కొరకాలంటే ఇంక నీదే కొరుక్కో,” అని చేతిలో పెట్టాడు.

అది ఇప్పటికీ మా బీరువా మీద ఉంది. నా ముందు పళ్ళు రెండు పోయాయి (చిరుతతో పెనుగులాటలో పోయాయని పిల్లలకు చెప్పాను, మీరూ అదే చెప్పండి). బీరువా మీది వాడికి మాత్రం ఒక్కటీ ఊడలేదు. దుమ్ము తుడిచినప్పుడల్లా, ఇంకా దేన్నో కొరికి చూద్దామన్నట్టు, ఆ వంకర పళ్ళతో నా వైపు చూసి నవ్వుతుంటాడు.