మాత్రకి దోషం లేదు

ఒక వారం రోజులపాటు మా ఊళ్ళో నేను తాగుబోతుని. ఆ వారమే నయమని ఇప్పుడు అనిపిస్తుంది.

మాది గజపతినగరానికి దగ్గర్లో ఒక పల్లె. బతుకుతెరువుకి బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను గానీ, మా ఇంటి అసలు పని గుళ్ళో పాట. ధనుర్మాసం నెలంతా తెల్లవారకముందే స్వామి ఎదుట కూర్చుని రోజుకో పాశురం పాడాలి. మా తాత పాడాడు, మా నాన్న పాడాడు, నాన్న గొంతు పోయాక నేను కూర్చున్నాను. దీనికి జీతం లేదు. ఏడాదికి ఒక పంచె, రోజూ దొన్నెడు పొంగలి, అంతే. అయినా ఆ పీట మీద కూర్చున్నంతసేపూ నేను ఎవడికీ తీసిపోను. మిగతా నెలల్లో నన్ను 'పంతులు' అనేవాళ్ళు ఆ ఒక్క నెలా 'పంతులుగారు' అనేవారు.

షుగరు నాకు ఎప్పుడో వచ్చింది. మా వైపు షుగరు రావడం నామోషీ ఏమీ కాదు. టీ కొట్టు దగ్గర ఒకడు 'నాకు పంచదార ఏకు' అంటే, ఇంకొకడు 'నీకూ ఉన్నాదేటి?' అని జరిగి బెంచీ మీద చోటిస్తాడు. ఎవరికి ఎంత ఉందో పొలంలో దిగుబడి చెప్పుకున్నట్టు చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల్లో మళ్ళీ వాళ్ళే ఆకులో లడ్డూ పడేసి 'ఒక్కదానికి ఏటవదు' అంటారు. ఆ ఒక్కటీ ఊళ్ళో వాళ్ళందరూ తలా ఒకటి పెడతారు.

థైరాయిడ్‌కి ఆ మర్యాద లేదు. అది చెప్పాపెట్టకుండా వచ్చింది. వైశాఖం ఎండల్లో నేను దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ముఖం ఉబ్బింది, కళ్ళ కింద సంచులు దిగాయి. ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు. మాట ముద్దముద్దగా, నిదానంగా వచ్చేది. ఎదుటివాడు నా వాక్యం పూర్తయ్యేలోపు రెండుసార్లు గడియారం చూసుకునేవాడు. అన్నిటికంటే పెద్ద దెబ్బ గొంతు మీద పడింది. బొంగురుపోయింది. పై షడ్జం అందుకోబోతే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. వయసనుకున్నాను. మిరియాల కషాయం తాగాను. పాడేవాళ్ళు చప్పరించే పటికబెల్లం నాకు ఎటూ లేదు, కనుక మా నాన్నలాగే దవడలో ఒక లవంగం పెట్టుకుని నెట్టుకొచ్చాను.

కార్తీకంలో మా ఆవిడ పోరు పడలేక విజయనగరం వెళ్ళి డాక్టరుకి చూపించుకుంటే రక్తపరీక్ష రాశారు. ల్యాబులో కాగితం ఇచ్చే అతను దాన్ని చూసి, నన్ను చూసి, "మీ ఇంటావిడదాండి?" అన్నాడు.

"నాదే."

"అలగా. ఇది ఎక్కువ ఆడోళ్ళకొస్తాది కదండి."

నా వెనక నిలబడ్డ ఇద్దరు నవ్వారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. షుగరు సంగతి ఊరంతా తెలుసు; దీని సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు అర్థమయ్యేలాగే చెప్పారు. థైరాయిడ్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి, లేవగానే పరగడుపున, ఆ తర్వాత గంటదాకా టీ కూడా తాగకూడదు. షుగరు కూడా పెరిగిందని దాని మాత్ర మార్చారు. పాతది తిన్నాక వేసుకునేది, కొత్తది తినే ముందు వేసుకునేది. "వేసుకున్న అరగంటకల్లా తినాలి, మర్చిపోకండి" అన్నారు. నేను మర్చిపోలేదు. నాకు తినే వీలు లేకపోయింది.

ధనుర్మాసంలో పాడేవాడు తలస్నానం చేసి, ఖాళీ కడుపుతో కూర్చోవాలి. స్వామికి ఆరగింపు అయ్యేదాకా మెతుకు ముట్టకూడదు. ఈ మాత్రల మాటేమిటని మా బావమరిదిని అడిగాను. మా గుడి అర్చకుడు ఆయనే. "మాత్రకి దోషం లేదు బావగారూ. ఔషధం తిండి కాదు కదా. తిండే కూడదు" అన్నాడు. మా ఇంటి లవంగానికి కూడా ఇన్నేళ్ళూ ఈ లెక్కే నడిచింది. శాస్త్రం అంత తేలిగ్గా దారి ఇచ్చినందుకు నేను సంతోషించాను. నెల పట్టిన రోజు నుంచి లేవగానే థైరాయిడ్ మాత్ర, గుడికి బయల్దేరేముందు షుగరు మాత్ర శ్రద్ధగా మింగి, ఏమీ తినకుండా వెళ్ళి కూర్చున్నాను. నాకంటే బుద్ధిమంతుడైన రోగి, నాకంటే నిష్ఠగల భక్తుడు మా మండలంలో ఉండడు. ఇద్దరూ ఒకే ఒంట్లో ఉండటంతోనే వచ్చింది చిక్కు.

మొదట్లో పాట మధ్యలో చేతులు వణికేవి, చెమట పట్టేది. మంచు కురిసే వేళ చెమటేమిటని నాకే వింతగా ఉండేది. ఒకరోజు పాశురం సగంలో ఉండగా మాట పోయింది. నోటికి వచ్చిన పాశురం, నిద్రలో లేపి అడిగినా చెప్పే పాశురం. ముందు ఏముందో తెలియలేదు, వెనక ఏం పాడానో తెలియలేదు. నాలుక మడతపడింది. మైకులో నా గొంతే ఎవరిదోలా వినిపించింది. గర్భగుడి ముందు గిన్నెలో చక్కెర పొంగలి పొగలు కక్కుతోంది. ఆ పూట నా ప్రాణం దాంట్లో ఉంది. కానీ ఇంకా ఆరగింపు కాలేదు. నాకు అది కావాలని తెలుస్తోంది, అడగాలని కూడా తెలుస్తోంది, చెయ్యి మాత్రం చాపలేదు. పక్కకి ఒరిగిపోయాను.

ఎవరో నన్ను అరుగు మీదకి మోసుకెళ్ళారు. లేపబోయినవాళ్ళలో ఒకడు సాయం పట్టే మిషతో నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. అంత మైకంలోనూ ఆ సంగతి నాకు తెలిసింది. గంట మోగింది, ఆరగింపు అయింది, పొంగలి తెచ్చి నోట్లో పెట్టారు. కాసేపటికి లేచి కూర్చుని, సిగ్గుపడుతూ ఇంటికి వచ్చాను.

మర్నాడు పాలకేంద్రం నుంచి మా ఆవిడ ఖాళీ క్యానుతో వచ్చి గుమ్మంలోనే కూలబడింది. "మీరు తాగెళ్ళి పాడారని అనుకుంటన్నారండి" అంది. ఊరికి ఏ సందేహమూ మిగల్లేదు. ఎండాకాలం నుంచీ నా ముఖం ఉబ్బే ఉంది. మాట ముద్దగానే ఉంది. పట్టపగలు మండపంలో కునుకుతున్నాను. నోటి దగ్గర లవంగం వాసన వచ్చిందట, వాసన చంపడానికి కాకపోతే లవంగం ఎందుకు నములుతాడు అన్నారట. పొంగలి తిని లేచి కూర్చున్నానా, 'తిండి పడితే దిగిపోయింది' అన్నారట. ఇంత పకడ్బందీగా నేను నా జీవితంలో ఏ పాఠమూ చెప్పలేదు.

సాయంత్రం గుడి కమిటీ ప్రెసిడెంటు ఇంటికి వచ్చాడు. పెద్ద రైతు, మాట కరుకు, మనిషి చెడ్డవాడు కాదు. మంచం మీద నా పక్కనే కూర్చున్నాడు.

"పంతులుగారూ, నానేటీ అననండి. మగోడన్నాక ఎక్కడో కాడ కాలు జారతాది. మా అయ్య జారనేదా, నాను జారనేదా. మానీసి బాగుపడినోళ్ళని ఎంతమందిని సూడనేదు. ఈ నెల్లాళ్ళూ ముట్టకండి సాలు. నాలుగు దినాలు ఇంటికాడ ఉండి ఆదోరం నుంచి వచ్చీండి. పీట మీదే."

"నేను తాగలేదండీ" అన్నాను.

"తాగినోళ్ళందరూ అదే సెప్తారండి" అని నవ్వి, నా భుజం తట్టి వెళ్ళాడు.

ఆ తట్టడం నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువైంది. మా వంశంలో కల్లు ముంత తాకినవాడు లేడు. నన్ను ఒక తాగుబోతుగా క్షమిస్తాడా? మా ఆవిడ, "ఆదివారం నుంచి రమ్మన్నారు కదండీ, ఊరుకోండి" అంది. ఊరుకోలేదు. విజయనగరం వెళ్ళి డాక్టరు చేత రాయించుకుని, పాతవీ కొత్తవీ రిపోర్టులన్నీ ఫైలులో పెట్టుకుని, వారం తిరక్కుండా కమిటీ కూర్చున్న మండపానికి వెళ్ళాను. పిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పాను. గొంతు ఎందుకు బొంగురుపోయిందో, ముఖం ఎందుకు ఉబ్బిందో, మాత్ర వేసుకుని తినకపోతే మనిషి ఎలా పడిపోతాడో. ఆడవాళ్ళ జబ్బని ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"ఎన్నాళ్ళు వాడాలండి ఈ బిళ్ళలు?" అని ప్రెసిడెంటు అడిగాడు.

"జీవితాంతం."

"రెండు జబ్బులికీనా?"

"రెండింటికీ."

"తగ్గిపోదా మరి?"

"తగ్గదు. అదుపులో ఉంటుంది."

ఆయన ముఖం మారడం నేను చూశాను. మొన్న నా మంచం మీద కూర్చున్నప్పుడు ఆ ముఖంలో చనువు ఉంది. ఇప్పుడు జాలి వచ్చింది. "అయ్యో బావూ" అన్నాడు, "ఇంత జబ్బు పెట్టుకోని మీరు సలిలో వచ్చి పాడతంటే, మేం సూత్తా కూకుంటే పాపం కదేటి. ఇన్నాళ్ళు సేసినారు సాలు. ఇంటికాడ సుఖంగా ఉండండి."

"నాకేమీ కాదు. రెండిడ్లీలు తిని వచ్చి పాడతాను, అంతే కావలసింది" అన్నాను.

"తిని పాడతారా?" అన్నాడు మా బావమరిది. ఆయన గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే. తర్వాత నా వైపు చూడకుండా, "లోపల ఏదన్నా జరగరానిది జరిగితే సంప్రోక్షణ అయ్యేదాకా తలుపులు మూసెయ్యాలి బావగారూ. పండగరోజులు కదా" అన్నాడు. నేను చచ్చిపోతానేమోనని కాదు ఆయన భయం, గుళ్ళో చచ్చిపోతానేమోనని. అది పైకి అన్నవాడు నా భార్య తోడబుట్టినవాడు. నాకు ఏడుపు వచ్చింది, ఫైలు తీసుకుని వచ్చేశాను.

మర్నాడు తెల్లవారుజామున మైకులో ఎవరో పాడారు. మంచి గొంతు. శ్రుతి తప్పదు, మాట మర్చిపోదు. పెన్‌డ్రైవు. దానికి తలస్నానం లేదు, మడి లేదు. ఆ పాడిన మనిషి ఎక్కడ స్టూడియోలో ఏం తిని పాడాడో మా ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. ఇడ్లీ తిన్న నా గొంతు స్వామికి పనికిరాదు గానీ, ఏం తిన్నాడో తెలియని వాడి గొంతు పనికొచ్చింది. ఈ మాట నేను మా బావమరిదితో అన్నాను. "అది మిషను కదా బావగారూ" అన్నాడు. దానికి కూడా దోషం లేదన్నమాట.

ఆ తర్వాత ఏడాదంతా నేను డాక్టరు చెప్పినట్టే ఉన్నాను. పని లేనివాడికి పథ్యం సులువు. మెల్లగా ముఖం వాపు తీసింది. చలి తగ్గింది. షుగరు మాట వినడం మొదలుపెట్టింది. శ్రావణం దాటాక ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని కూనిరాగం తీస్తుంటే, అనుకోకుండా పై షడ్జం పలికింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పలికింది. గొంతు నిండుగా, మా నాన్న ఉంటే తల ఊపేటంత నిండుగా వచ్చింది. అప్పుడు నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండిపోయింది. పాడే చోటు పోయాక ఈ గొంతు ఎందుకు తిరిగి వచ్చినట్టు?

అయినా ఆశ చావదు. ఈ ఏడు ధనుర్మాసం వస్తుందనగా, సిగ్గు విడిచి ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాను. కళ్ళంలో నూర్పులు చేయిస్తున్నాడు. నన్ను చూసి నవారు మంచం దులిపి కూర్చోబెట్టాడు.

"మొకానికి కళొచ్చిందండి. గొంతు కూడా మారినాది. తగ్గిపోయినాదేటి?" అన్నాడు.

ఆయన నాకు తలుపు తీసి పట్టుకున్నాడని ఆ క్షణంలోనే తెలుసు. ఔనంటే చాలు. కానీ పొద్దున్నే మింగిన మాత్ర ఇంకా గొంతులోనే ఉన్నట్టు అనిపించింది. "అదుపులో ఉంది" అన్నాను.

"అదుపంటే ఉన్నట్టే కదండి."

"ఉన్నట్టే."

"అలగైతే ఏలండి మీకీ రిస్కు? పొంగలి ఇంటికాడికే పంపిస్తాం. మీ వాటా మీకు వస్తాది" అన్నాడు. షుగరున్న వాడికి రోజూ దొన్నెడు చక్కెర పొంగలి. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నేను దణ్ణం పెట్టి వచ్చేశాను.

ధనుర్మాసం వచ్చింది. మొదటి రోజు నాకు మామూలు వేళకే మెలకువ వచ్చింది. థైరాయిడ్ మాత్ర వేసుకుని, గంట ఆగి, షుగరు మాత్ర వేసుకుని కూర్చున్నాను. మైకులో పాట వస్తోంది. మా ఆవిడ రాగిపిండితో కాచిన చోడిజావ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"తగ్గిపోయిందని అనీకపోయారా?" అంది.

"రోజూ మాత్ర మింగుతూ తగ్గిపోయిందని ఎలా చెప్పనే?"

"మన గుళ్ళో డోలు వాయించే ఆయన రోజూ తాగుతూనే, ప్రతి ఏడూ స్వామి ముందు మానీసానని ఒట్టేస్తాడు కదండీ. ఆయన డోలు ఆయన దగ్గరే ఉంది."

జావ చల్లారిపోతోందని చెప్పి ఆవిడ లోపలికి వెళ్ళింది.